మా ఊరి హోటల్లో ఒక్క డిటెక్టివూ చాయ్ తాగలేదు

ఈ మధ్య ఆఫీసు పనికన్నా రెండు పనులు ఎక్కువ శ్రద్ధగా చేస్తున్నాను. ఒకటి చాయ్ తాగడం, రెండోది హత్యల నవలలు చదవడం. రెండూ కలిపి చేస్తే మరీ బాగుంటుంది. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని నెలలో పది పన్నెండు రోజులు జగిత్యాలలోనే ఉంటున్నాను కాబట్టి ఈ రెండిటి గురించీ నాలుగు ముక్కలు రాసే అర్హత వచ్చిందనే అనుకుంటున్నా :) హైదరాబాద్ కెఫేల గురించీ, బెంగళూరు ఫిల్టర్ కాఫీ గురించీ రాసేవాళ్ళు బోలెడుమంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల చాయ్ గురించి రాసే నాథుడే లేడు. అందుకని నేనే.

ముందుగా ఒక వివరణ. మా వైపు 'హోటల్' అంటే గదులు అద్దెకిచ్చేది కాదు. నాలుగు బల్లలు, ఒక గల్లాపెట్టె, పొద్దున ఐదింటికే మండే స్టవ్వు, గ్లాసుల్లో చాయ్, పళ్ళెంలో మిర్చీలు. అదీ హోటల్. 'కెఫే' అనేది మొన్నమొన్న వచ్చింది. ఏసీ, గోడ మీద ఇంగ్లీషు కొటేషన్, బీన్ బ్యాగూ ఉంటే అది కెఫే. నేను రెండిటికీ వెళ్తాను. చాయ్ విషయంలో నాకు కులగోత్రాల పట్టింపు లేదు.

ఇక ఒక్కో ఊరూ, అక్కడ చదివిన ఒక్కో పుస్తకమూ.

1. జగిత్యాల - తులసిదళం

టవర్ సర్కిల్ దగ్గర్నించి లోపలికి వెళ్ళే సందుల్లో పాత హోటళ్ళు ఇంకా కొన్ని మిగిలాయి. చాయ్ పది రూపాయలు. చక్కెర ఎక్కువ, పాలు చిక్కన, అల్లం వాళ్ళిష్టం. నాకు వీటిలో నచ్చేది చాయ్ కన్నా పేపరు. ఒక్క పేపరుని ఏడెనిమిది ముక్కలుగా విడదీసి ఏడెనిమిది మంది చదువుతుంటారు. జిల్లా పేజీ ఒకాయన దగ్గర, ఆటల పేజీ ఇంకొకాయన దగ్గర. మార్చుకోవడాలుంటాయి. ఒక్క చాయ్ మీద గంటన్నర కూర్చున్నా ఎవరూ లేవమనరు. హైదరాబాద్‌లో ఈ సౌకర్యానికి కో-వర్కింగ్ స్పేస్ అని పేరు పెట్టి నెలకి ఐదువేలు తీసుకుంటారు.

అలా ఓ సాయంత్రం యండమూరి 'తులసిదళం' పట్టుకుని కూర్చుంటే, ఎదుటి బల్ల మీద పెద్దాయన "ఏం సదువుతున్నవ్ బిడ్డా?" అన్నాడు. అట్ట చూపించాను. "అబ్బో! ఇది మేం కిరాయికి తెచ్చుకుని సదివినం. రాత్రి సదివి బయటికి పోవాల్నంటే భయమయ్యేది" అని నవ్వాడు. ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వచ్చిన రోజుల్లో దాని ఊపు ఎలాంటిదో మన ముందు తరం వాళ్ళని ఎవర్నడిగినా చెప్తారు. దాన్ని రంగనాయకమ్మ గారు ఎంత ఘాటుగా విమర్శించారో కూడా చెప్తారు.

నా అభిప్రాయం? పేజీలు తిప్పించడంలో యండమూరిని కొట్టేవాడు లేడు. నలభై ఏళ్ళు దాటినా చేతిలోంచి దించబుద్ధి కాలేదు. కాష్మోరా అనే మాట వినగానే ఇప్పటికీ జనం వెన్నులో చలి పుడుతుందంటే మాటలా! కాకపోతే హైదరాబాద్ అపార్టుమెంటులో కూర్చుని చదవడం వేరు, జగిత్యాల హోటల్లో కూర్చుని చదవడం వేరు. 2022 జనవరిలో ఇదే ఊళ్ళో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ, అతని ఇద్దరు కొడుకులనీ చంపేశారు. పట్టపగలు, మనుషులు చూస్తుండగా. నవల్లో చేతబడికి బలయ్యేది చిన్నపాప. మన దగ్గర బలయ్యేది, చేతబడి చేశాడని పేరు పడ్డవాడు. సరిగ్గా తలకిందులు.

మరి ఈ తలకిందుల కథకి నవల ఎక్కడ? ఊళ్ళో ఇద్దరు ముగ్గురికి జ్వరాలొచ్చాయి, ఒకరు పోయారు, ఫలానావాడు చేశాడని పుకారు పుట్టింది. మంత్రం పనిచేస్తుందా లేదా అన్నది కాదు నాకు కావలసిన సస్పెన్సు. ఆ మాట మొట్టమొదట ఎవడన్నాడు? ఎవరితో అన్నాడు? అలా అంటే వాడికేం లాభం? భూమి తగాదా ఉందా, వడ్డీ లెక్క ఉందా? ఈ ప్రశ్నలు పట్టుకుని ఒకడు వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోతే అది శుభ్రమైన డిటెక్టివ్ నవల. మన భాషలో చెప్పాలంటే లాగ్ ఫైలు కింద నించి పైకి చదువుకుంటూ పోవడం, మొదటి ఎర్రర్ దొరికేదాకా. ఆ పుకారు ఏ హోటల్లోనో, ఏ చాయ్ గ్లాసు పక్కనో పుట్టి ఉంటుందని నా అనుమానం. మా దగ్గర అన్నీ అక్కడే పుడతాయి మరి.

2. కోరుట్ల - చాయ్ చల్లారేలోపు

జగిత్యాల నించి నిజామాబాద్ రోడ్డు మీద ఓ అరగంట, ముప్పావుగంట పోతే కోరుట్ల. ఇక్కడి కెఫేల మెనూ చూస్తే ఊరి చరిత్ర అర్థమైపోతుంది. కరక్ చాయ్, షవర్మా, మండి, కునాఫా. కాఫీ బెంగళూరు నించి వచ్చిందేమో గానీ మిగతావన్నీ దుబాయ్ నించీ, మస్కట్ నించీ వచ్చాయి. అన్నట్టు మా వైపు సౌదీ పోయినా, కువైట్ పోయినా, ఖతర్ పోయినా "దుబాయ్ పోయిండు" అనే అంటారు. గల్ఫ్ మొత్తానికీ మేం పెట్టుకున్న పేరది.

నేను వెళ్ళిన కెఫేలో కరక్ చాయ్ బాగుంది. కాపుచీనో మాత్రం నూటపది రూపాయల వేడినీళ్ళు. సంగీతం గట్టిగా పెడతారు. వైఫై ఏ లోటూ లేదు, స్టాండప్ కాల్ కూడా అక్కణ్ణించే కానిచ్చేశాను. పేపరు ఉండదు, ఎవరూ ఎవరితోనూ "ఏం సదువుతున్నవ్" అనరు. కానీ ఓ గంట కూర్చుంటే ఒక సంగతి తెలుస్తుంది. ఏదో ఒక బల్ల దగ్గర సెలవు మీద వచ్చినవాడు ఒకడుంటాడు. వాడికి ఎదురైన ప్రతివాడూ రెండు ప్రశ్నలు కలిపే అడుగుతాడు. "ఎప్పుడొచ్చినవ్? మళ్ళెప్పుడు పోతవ్?" మధ్యలో ఊపిరి కూడా తీసుకోరు.

అక్కడ నేను చదివింది తొషికజు కవగుచి అనే జపాన్ రచయిత 'బిఫోర్ ద కాఫీ గెట్స్ కోల్డ్'. జపాన్‌లో 2015లో వచ్చింది, ఇంగ్లీషులోకి 2019లో. టోక్యోలో ఓ చిన్న కెఫే. అందులో ఒక ప్రత్యేకమైన కుర్చీలో కూర్చుంటే గతంలోకి వెళ్ళొచ్చు. కాకపోతే రూల్సున్నాయి. ఆ కెఫేకి ఎప్పుడైనా వచ్చినవాళ్ళనే కలవగలం. కుర్చీలోంచి లేవకూడదు. గతంలో ఏం చేసినా వర్తమానం మారదు. కప్పులో కాఫీ చల్లారేలోపు తాగేసి వెనక్కి వచ్చేయాలి.

పుస్తకంగా చూస్తే నాకు అంత గొప్పగా అనిపించలేదు. వాక్యాలు పొడిపొడిగా ఉంటాయి, రూల్సు ప్రతి కథలో మళ్ళీ మళ్ళీ చెప్తాడు. యూజర్ మాన్యువల్ చదువుతున్నట్టుంటుంది. అయినా కోరుట్లలో కూర్చుని చదివితే అది ఫాంటసీ అని అనిపించలేదు. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి రెండు నెలల సెలవు. చూడవలసినవాళ్ళని చూడాలి, పిల్లకి సంబంధం మాట్లాడాలి, ఇంటి స్లాబు వేయించాలి, అమ్మని ఆసుపత్రికి తీసుకుపోవాలి. చాయ్ చల్లారేలోపు వెనక్కి పోవాలి. పోకపోతే వీసా పోతుంది. కవగుచి గారు ఊహించి పెట్టిన రూల్సు ఇక్కడ ఇమిగ్రేషన్ రూల్సు.

ఇక కోరుట్లలో ఇంకో సంపద ఉంది. బీడీలు చేసే ఆడవాళ్ళు. అరుగు మీద ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చుడుతూ పొద్దున్నించి సాయంత్రం దాకా వాడకట్టు మొత్తాన్ని చూస్తుంటారు. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, కళ్ళూ చెవులూ ఖాళీ. అగాథా క్రిస్టీ 1930లో మిస్ మార్పుల్‌తో మొదటి నవల రాసింది. సెయింట్ మేరీ మీడ్ అనే లేని పల్లెటూరు సృష్టించి, అక్కడ అల్లికలు అల్లుకునే ఓ ముసలావిడ చేత హత్యలు ఛేదింపజేసింది. పోలీసులకి కనపడనిది ఆమెకి కనపడుతుంది, ఎందుకంటే ఆమెని ఎవరూ లెక్కచేయరు. బీడీల చాట ముందున్న మన అవ్వకి ఏం తక్కువ? ఏ ఏజెంటు ఏ ఇంటికి ఎప్పుడొచ్చాడో, ఎవరు పాస్‌పోర్టు ఇచ్చారో, ఎవరు పుస్తెలతాడు కుదువబెట్టి లక్షన్నర ముట్టజెప్పారో అవ్వకి తేదీలతో సహా తెలుసు. డబ్బు తిన్న ఏజెంటు ఓ రోజు మాయమైతే, కేసు తేల్చగలిగేది ఎస్సై గారు కాదు, అవ్వే.

3. సిరిసిల్ల - ఆగిన సాంచా

సిరిసిల్లకి మాకు దూరం ఎక్కువే, వేములవాడ మీదుగా వెళ్ళాలి. స్నేహితుడి పెళ్ళికి వెళ్ళి రెండ్రోజులున్నా. ఇక్కడ నా ఓటు కెఫేలకి కాదు, సాంచాల షెడ్ల దగ్గరి చాయ్ బండికి. (మరమగ్గాన్ని ఇక్కడ సాంచా అంటారు.) పనిచేసేవాళ్ళు పగలూ రాత్రీ షిఫ్టుల్లో ఉంటారు కాబట్టి బండికి రాత్రి కూడా గిరాకీ ఉంటుంది. సింగిల్ చాయ్ చిన్న గ్లాసు, రెండు గుక్కలు. చక్కెర దంచి పోస్తారు. అలసిపోయిన ఒంటికి చేసిన చాయ్ అది, రుచి చూసే నాలుకకి కాదు. నాకు నచ్చింది. బండాయన చెప్పిన ముక్క ఇంకా నచ్చింది: ఆర్డర్లున్నాయో లేవో తెలియాలంటే ఆఫీసర్లని అడగక్కర్లేదట, రోజుకి ఎన్ని గ్లాసులు కడిగాడో లెక్క చూస్తే చాలట. 2017లో బతుకమ్మ చీరలు మొదలైనప్పుడు ఆ లెక్క ఎలా పెరిగిందో, 2023 తర్వాత అవి ఆగినప్పుడు ఎలా పడిందో, మళ్ళీ ఇందిరమ్మ చీరలొచ్చాక ఎలా లేచిందో అతనికి కంఠతా వచ్చు. ఇంతకన్నా మంచి డాష్‌బోర్డు నేనెక్కడా చూళ్ళేదు.

ఇక్కడ చదివిన పుస్తకం కీగో హిగాషినో 'ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'. 2005 నాటి జపాన్ నవల. మొదటి అధ్యాయంలోనే హత్య జరుగుతుంది, ఎవరు చేశారో మనకి తెలిసిపోతుంది. పక్కింట్లో ఉండే లెక్కల మాస్టారు దాన్ని ఎలా దాచాడన్నదే కథ. అతనికి ఆమె ఎలా పరిచయం? ఆమె పనిచేసే చిన్న భోజనం డబ్బాల కొట్లో రోజూ పొద్దున డబ్బా కొనుక్కుంటాడు. అంతే, అక్కణ్ణించే అంతా మొదలవుతుంది. చివరి యాభై పేజీలు మాత్రం బస్సులోనో, మీటింగులోనో చదవకండి. ఇంతకంటే చెప్తే పాపం తగులుతుంది. ఈ మధ్య చదివిన వాటిలో నేను పూర్తి మార్కులు వేసేది దీనికే.

ఇదే కథని హిందీలో 2023లో 'జానే జాన్'గా తీస్తే, టోక్యో పోయి కాలింపాంగ్ వచ్చింది. డబ్బాల కొట్టు పోయి కొండ మీది కెఫే వచ్చింది. కథ హాయిగా ఇమిడిపోయింది. మలయాళం 'దృశ్యం'లో పోలీస్ స్టేషన్ దగ్గరి చాయ్ కొట్టు లేకుండా సినిమా ఊహించగలమా? కాలింపాంగ్‌కీ, కేరళ పల్లెకీ కుదిరినప్పుడు సిరిసిల్లకి ఎందుకు కుదరదు?

నిజానికి సిరిసిల్లకే ఎక్కువ కుదురుతుంది. షెర్లాక్ హోమ్స్ కథ 'సిల్వర్ బ్లేజ్' (1892)లో రాత్రిపూట కుక్క మొరగకపోవడమే ఆధారం. మొరగలేదంటే వచ్చినవాడు దానికి తెలిసినవాడన్నమాట. ఇప్పుడు సిరిసిల్ల షెడ్డు ఊహించుకోండి. రాత్రి షిఫ్టు. ఒక్కొక్కరు నాలుగైదు, ఎనిమిదేసి సాంచాలు చూసుకుంటుంటారు. ఆ చప్పుడులో కేక వేసినా వినపడదు. కానీ పక్కన పనిచేసేవాడికి ఏ సాంచా ఆగిందో చెవికి తెలిసిపోతుంది. "ఒంటిగంటకి ఒకటి ఆగింది సార్, కరెంటు పోలేదు, దారం తెగలేదు. మరెందుకు ఆగింది?" ఈ ఒక్క వాక్యం చాలు, మూడొందల పేజీలు నడపడానికి. పాత్రలు కూడా సిద్ధంగా ఉన్నారు. నూలు ఇచ్చే యజమాని, ఆ నూలు తీసుకుని నేయించే ఆసామి, సాంచా నడిపే కార్మికుడు. ముగ్గురి మధ్యా అప్పులు, కూలి లెక్కలు, ఆగిపోయిన బిల్లులు.

ఇక నా గోడు

కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంట్ రాజు మద్రాసులో కేసులు తేల్చారు. మధుబాబు గారి షాడో కులకర్ణి గారు పంపిన దేశమల్లా తిరిగొచ్చాడు. మల్లాది గారి చంటబ్బాయి అయితే నవ్వించి మరీ డిటెక్టివ్ అనిపించుకున్నాడు, 1986లో చిరంజీవి సినిమా కూడా అయ్యాడు. వీళ్ళందరూ నాకిష్టమే. కానీ నేను చదివినంతలో వీళ్ళలో ఎవరూ కోరుట్ల బస్టాండులో దిగలేదు, సిరిసిల్ల బండి దగ్గర సింగిల్ చాయ్ తాగలేదు.

మా వైపు సాహిత్యం లేదా అంటే బ్రహ్మాండంగా ఉంది. సినారె గారిది సిరిసిల్ల పక్కన హనుమాజీపేట. జగిత్యాల నించి అలిశెట్టి ప్రభాకర్ వచ్చాడు, ఫోటో స్టూడియో నడుపుకుంటూ కవిత్వం రాశాడు, 1993లో ముప్ఫై తొమ్మిదేళ్ళకే పోయాడు. అల్లం రాజయ్య గారు కరీంనగర్ రైతుకూలీల పోరాటాలని నవలలుగా రాశారు. అవన్నీ ఉండాల్సినవే. అయితే బయటివాళ్ళకి మా ఊళ్ళు తెలిసింది మాత్రం ఎక్కువగా ఏడుపు వార్తల్లోనే. ఒక దశలో పేపర్లు సిరిసిల్లని 'ఉరిసిల్ల' అని రాశాయి. ఊరి పేరునే మార్చేసేంత దుఃఖం.

"అలాంటి ఊరి మీద సస్పెన్స్ నవలేమిట్రా, సిగ్గులేదా" అని మా బావ అన్నాడు. నేను ఒప్పుకోను. నేత కార్మికుడు పోతే పేపర్లో రెండే ముక్కలు రాసి ముగిస్తారు: అప్పుల బాధ. గల్ఫ్ నించి పెట్టె వస్తే: గుండెపోటు. మంత్రాల పేరుతో చంపితే: మూఢనమ్మకం. ఈ మాటలు అబద్ధాలు కావు, కానీ వీటిలో మనిషి ఉండడు. గాలివానకి చెట్టు కూలినట్టు జరిగిపోయిందని అర్థం. డిటెక్టివ్ నవల అక్కడ ఆగదు, ఆగితే నవల అవదు. అప్పు ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి? కూలి ఆపింది ఎవరు? ఏజెంటు వాటా ఎవరికి పోయింది? పుకారు ఎవరి నోట్లోంచి వచ్చింది? పేరు దొరికేదాకా అడుగుతూనే ఉంటుంది. 'పరిస్థితులు' అనే జవాబుతో ఏ పాఠకుడూ ఊరుకోడు, పుస్తకం విసిరికొడతాడు. అందుకే చౌకబారు అని తీసిపారేసే ఈ నవలలంటే నాకు గౌరవం. చనిపోయిన ప్రతి మనిషికీ కనీసం ఒక్కడైనా పట్టుబట్టి కారణం వెతకాలనే నియమం వాటిది.

భాష అడ్డమా? 2023లో 'బలగం' వచ్చాక ఆ సాకు చెల్లదు. సిరిసిల్ల మనిషి వేణు యెల్దండి తీసిన సినిమా, ఆ పల్లెల్లోనే, ఆ మాటతోనే. తెలుగువాళ్ళందరూ చూశారు, సబ్‌టైటిల్స్ అడగలేదు. అంతకు ముందు చాలా సినిమాల్లో మా యాస పనివాడికో, రౌడీకో, జోకులకో. డిటెక్టివ్‌కి ఎందుకుండకూడదు? "గీ సాంచా ఎందుకాగింది ర?" అని అడిగే డిటెక్టివ్‌ని నేను ఇప్పుడే వినగలుగుతున్నా.

ఎవరు రాయాలి అంటారా? ఆండీ వెయిర్ మనలాగే ప్రోగ్రామర్. 'ద మార్షియన్'ని అధ్యాయం తర్వాత అధ్యాయం తన వెబ్‌సైటులో ఊరికే పెట్టుకుంటూ పోయాడు. చదివినవాళ్ళు లెక్కలు సరిచూసి తప్పులు చెప్పారు, ఆయన దిద్దుకున్నాడు. 2014లో పెద్ద ప్రచురణకర్త వేశాడు, 2015లో సినిమా అయింది. అంగారకుడి మీద ఆలుగడ్డలు పండించడానికి ఆయన ఎంత హోంవర్కు చేశాడో, ఒక సాంచా రాత్రి ఒంటిగంటకి ఎందుకు ఆగుతుందో తెలుసుకోవడానికి మనకి అంత కూడా అక్కర్లేదు. మనలో చాలామందికి ఇంట్లోనే ఎవరో ఒకరు సాంచా నడిపారు, బీడీలు చుట్టారు, దుబాయ్ పోయొచ్చారు. ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్ మూసి, దగ్గర్లో ఉన్న హోటల్లో గంటసేపు కూర్చుని, పక్క బల్ల మాటలు వినండి. కథకి కావలసిన సరుకంతా అక్కడే ఉంది, పది రూపాయలకి.

రాసింది ఎవరైనా సరే, మొదటి కాపీ నేను కొంటాను. ఎంత బాగా రాసినా చివర్లో హంతకుడి పేరు చెప్పకుండా మాత్రం తప్పించుకోకండి. అసలు గొడవంతా ఆ పేరు కోసమే కదా.